గుండె పంపింగ్‌ను లెక్కపెట్టిన కెమెరా

"గుండె పంపింగ్ 35 శాతమే ఉందట" అనగానే ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు, మిగతా 65 శాతం గుండె పోయిందేమోనని. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా పూర్తిగా ఖాళీ కాదు. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో సగానికి కాస్త పైగా మాత్రమే ఒక్కో స్పందనలో బయటికి వెళ్తుంది. డాక్టర్లు ఎజెక్షన్ ఫ్రాక్షన్ అనేది దీన్నే.

ఒకప్పుడు ఈ శాతం తెలియాలంటే రక్తనాళం గుండా గుండెలోకి క్యాథటర్ పంపి, మందు ఎక్కించి ఎక్స్‌రే తీయాల్సిందే. జబ్బు ముదిరిన మనిషికి అది చిన్న పరీక్ష కాదు.

రేడియోధార్మికతతో రక్తప్రసరణను కొలవవచ్చని బోస్టన్‌లో హెర్మన్ బ్లమ్‌గార్ట్ 1920ల్లోనే చూపాడు. ఒక చేతి సిరలోకి ఎక్కించిన పదార్థం రెండో చేతికి ఎన్ని సెకన్లలో చేరుతుందో కొలిచాడు. కానీ గుండెను చూడాలంటే మరో రెండు సాధనాలు కావాలి. బర్కిలీలో హాల్ యాంగర్ 1950ల్లో గామా కెమెరా చేశాడు. ఇంచుమించు అప్పుడే బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల టెక్నీషియం-99ఎం జనరేటర్‌ను తయారుచేసింది. ఆరు గంటల్లో సగానికి తగ్గిపోయే ఈ ఐసోటోపు ఒంట్లో ఎక్కువకాలం ఉండదు.

ఇక మిగిలింది అసలు చిక్కు. గుండె క్షణం ఆగదు. సెకనులో పదో వంతు కాలంలో కెమెరాకు అందే గామా కిరణాలు బొమ్మ కట్టడానికి చాలవు. 1971లో విలియం స్ట్రాస్, బారీ జారెట్, బెర్ట్రామ్ పిట్ బృందం ఈసీజీని కెమెరాకు కలిపింది. గుండె బాగా నిండిన క్షణంలోనూ, బాగా ముడుచుకున్న క్షణంలోనూ మాత్రమే కెమెరా తెరుచుకునేది. అలా వందలాది స్పందనలు ఒకదానిపై ఒకటి పేరుకుని రెండు స్పష్టమైన బొమ్మలయ్యాయి. చెదిరిపోయే వెలుగును గుండె లయతోనే పోగుచేయడం! నాకు ఈ కథలో అన్నిటికన్నా అబ్బురం ఇదే.

అప్పట్లో ఆ బొమ్మల అంచులు గీసి, జఠరిక కోడిగుడ్డులా ఉంటుందనుకుని పరిమాణం కట్టేవారు. గుండెపోటు వచ్చిన గుండె అలా ఉండదు కదా! కంప్యూటర్ వచ్చాక ఆ ఊహతో పని లేకపోయింది. ఎర్రరక్తకణాలకు టెక్నీషియం అంటిస్తే, ఎంత రక్తం ఉంటే దానికి తగినన్ని కిరణాలు. చుట్టుపక్కల నుంచి వచ్చేవి తీసేశాక, నిండినప్పుడు 20,000, ముడుచుకున్నప్పుడు 9,000 లెక్కకు వచ్చాయనుకోండి, పంపింగ్ 55 శాతం. ఆకారం ఎలా ఉన్నా సరే. ఒక్కో స్పందనను 16 లేదా అంతకన్నా ఎక్కువ ముక్కలు చేసి చూసే ఈ పరీక్షకే మూగా స్కాన్ అని పేరు.

లయ తప్పిన గుండెల్లో మాత్రం ఇది తడబడుతుంది. ఇప్పుడు చాలాచోట్ల రేడియేషన్ లేని ఎకో పరీక్ష దీని స్థానంలోకి వచ్చింది. అయినా క్యాన్సర్ రోగులు దీనికి రుణపడ్డారు. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు కణితిని కరిగిస్తూనే గుండె కండరాన్ని దెబ్బతీయగలదు, అదీ రోగికి ఆయాసం తెలియకముందే. అందుకే చికిత్స మధ్యమధ్యలో మూగా తీసేవారు. పంపింగ్ 10 పాయింట్లు పడిపోయి 50కి దిగితే ఆ మందు ఆపేవారు.