చెట్లు పడిన దిక్కు: సుడిగాలిని గూర్చిన అపోహలు – వాస్తవాలు

2024 సెప్టెంబరు 17వ తేదీ సాయంకాలము సింగపూరు మీద విరుచుకుపడిన గాలివాన, తెంగా వాతావరణ కేంద్రమున గంటకు 83.2 కిలోమీటర్ల వేగమును నమోదు చేసి, ద్వీపమందంతటను వందలకొలది చెట్లకు హాని కలిగించి, ఎంత వేగముగా వచ్చెనో అంత వేగముగనే వెడలిపోయినది. మరునాటి ఉదయమున మా ఇండ్ల వెనుక బాట ప్రక్కన ఒక నిద్రగన్నేరు వేళ్లతో సహా పెకలి పడియుండగా, ప్రక్క బ్లాకులో నివసించు ఓరుగల్లు మిత్రుడొకరు నన్నచటికి వెంటబెట్టుకొని పోయి, "చూశారా అన్నగారూ, మన మేడారం అడవిని పడగొట్టిన టోర్నడోనే ఇక్కడికీ వచ్చింది" అని నిండు నమ్మకముతో అనిరి. మనిషి నిలువెత్తున లేచి నిలిచిన ఆ వేళ్ల కుదురు వెడల్పుగనే యున్నది గాని లోతు మాత్రము రెండు మూడు అడుగులకు మించలేదు. ఎఱ్ఱమట్టి ఇంకను తడిగానే రాలుచున్నది. కొమ్మలను అంటిపెట్టుకొని బ్రదికిన ఫెర్ను మొక్కలు తలక్రిందులుగా వ్రేలాడుచున్నవి. రంపపు యంత్రములతో వచ్చిన పనివాండ్రు మాటాడక మ్రానును తునుకలు చేయుచుండిరి.

చెట్లను కూల్చిన ప్రతి గాలియు టోర్నడోయే యనుకొనుట మనలో మిక్కిలిగా ప్రబలిన అపోహ. ఇచటివారు "సుమత్రాస్" అని పిలుచు గాలివాన సుడి కాదు. అది సుమత్రా దీవి మీదనో, మలక్కా జలసంధి మీదనో తరచుగా రాత్రివేళ పుట్టి, ఉఱుముమబ్బులు ఒక బారుగా కూడి, తూర్పునకు సాగి, సాధారణముగా తెల్లవారుజామునకో ఉదయమునకో సింగపూరును చేరునట్టి గాలిబారు. ఏప్రిలు మొదలు నవంబరు వఱకు ఇది వచ్చుచునే యుండును. ఆ మబ్బులనుండి వానతోపాటు దిగజారిన చల్లనిగాలి నేలను తాకి ముందునకు త్రోసికొని వచ్చును. ఈ ద్వీపమున నేటివఱకు నమోదైన గాలివేగములలో కెల్ల మిన్నయైనది, 1984 ఏప్రిలు 25న తెంగాలోనే కొలిచిన 144.4 కిలోమీటర్ల వేగము, ఇట్టి గాలిబారు తెచ్చినదే.

మఱి సుడి యేదో, సూటిగాలి యేదో గాలి వెడలిపోయిన పిమ్మట తెలియుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకిన మహనీయుడు, వాతావరణ శాస్త్రజ్ఞుడు టెట్సుయా ఫుజిటా. 1945 ఆగస్టులో రెండవ అణుబాంబునకు మొదట గుఱిగా నిర్ణయింపబడిన కొకురా నగరమును ఆనాటి మబ్బు, పొగ కాపాడగా, బాంబు నాగసాకి మీద పడినది. కొకురా చెంతనే ఉపాధ్యాయుడుగా నున్న ఫుజిటా కొలది వారములకే నాగసాకికిని హిరోషిమాకును పోయి, శిథిలముల నడుమ చెట్లు పడిన దిక్కులను గుర్తించెను. పేలుడునకు సరిగా క్రిందనున్న చెట్లు మాడియు నిలిచియుండగా, చుట్టునున్నవి కేంద్రమునుండి వెలుపలికి, చక్రపు ఆకులవలె పడియుండుట ఆయన మనసున నాటుకొన్నది. పిదప అమెరికాలో స్థిరపడి, 1971లో టోర్నడోల బలమును వాటి విధ్వంసమును బట్టి అంచనా వేయు కొలమానమును నిర్మించి, 1974 ఏప్రిలులో సంభవించిన టోర్నడోల వరుసను విమానమునుండి పరిశీలించుచు, ఒకచోట అడవి అదే చక్రాకారమున పడియుండుటను చూచి, ఇది సుడి కాదు, మబ్బునుండి నేలకు దూకిన గాలి యని గ్రహించెను. సుడి యైనచో చెట్లు లోనికి మెలితిరిగి, ఒకదానిపై నొకటి అడ్డదిడ్డముగా, సన్నని దారి పొడవున పడును. దిగుగాలి యైనచో ఒకే దిక్కునకు గాని వెలుపలికి విచ్చుకొని గాని పడును. ఇంతటి సులభమైన పరీక్ష, ఇంతటి దారుణమైన నేలమీద ఒక మనుష్యునకు తట్టెనన్నది నేను తలచినప్పుడెల్ల నన్ను కదలించుచునే యుండును.

ఇక మిత్రుడు తలచుకొన్న మేడారం సంగతి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవులలో 50 వేలకు పైగా చెట్లు నేలకూలినవని లెక్కకట్టినప్పుడు, అది టోర్నడోయా, దిగుగాలియా యను ప్రశ్న పుట్టినది. ఆ విపత్తునకు సాక్షులు పడిన చెట్లే గనుక, వాటిని తొలగింపకముందే దిక్కులను చిత్రించి పెట్టుకొనుట ఎంతయు అవసరము.

"భూమధ్యరేఖ దగ్గఱ సుడిగాలియే పుట్టదు" అనునది రెండవ అపోహ. భూభ్రమణమువలన గాలికి కలుగు మలుపు ఆ రేఖమీద శూన్యమగుట నిజమే. తుపానులు ఐదు డిగ్రీలలోపల పుట్టుట మిక్కిలి అరుదగుటయు నిజమే. అయినను 2001 డిసెంబరు 27న వామేయ్ అను టైఫూను ఒకటిన్నర డిగ్రీల అక్షాంశమున రూపొంది, సింగపూరునకు ఈశాన్యముగా జొహోరు తీరమును తాకి, వరదలను తెచ్చినది. సింగపూరు సముద్రముపై అప్పుడప్పుడు కనిపించు జలస్తంభములు వేఱు జాతివి. ఎదుగుచున్న మబ్బు క్రింద రెండు గాలులు కలిసికొన్నచోట పుట్టి, కొన్ని నిమిషములు నిలిచి, నేల తాకగనే సాధారణముగా క్షీణించును. తొండమువలె వ్రేలాడునది పీల్చబడిన సముద్రజలమని పలువురు తలతురు. కాని అది చాలవఱకు గాలిలోని ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటితుంపరలే. ఉప్పునీరు ఎగయునది అడుగున కొంతమేరనే.

ఇక సుడిగాలుల వెంట వాహనములలో పరుగెత్తువారు వినోదము కోరు సాహసికులే యను తలంపు మూడవది. అట్టివారును ఉందురు. కాని టిమ్ సమరాస్ అను ఇంజనీరు తాబేటిచిప్పవంటి పరికరమును తానే నిర్మించి సుడి రాబోవు దారిలో అమర్చి, 2003 జూన్ 24న దక్షిణ డకోటాలోని మాంచెస్టరు పల్లెలో 100 మిల్లీబారుల పీడనపు తగ్గుదలను కొలిచెను. ఆ పల్లె ఆనాడే తుడిచిపెట్టుకుపోయినది. జాగ్రత్తకు పేరొందిన ఆయనయే 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గఱ, 4.2 కిలోమీటర్ల వెడల్పునకు హఠాత్తుగా విస్తరించిన సుడిలో, కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్‌లతో కూడ ప్రాణములు విడిచెను. సుడి పోయిన దారిలో మొదట చేరువారు పెక్కుసారులు ఈ వెంబడించువారే. కెమెరా ప్రక్కన పెట్టి, కూలిన ఇంటి కప్పు క్రింద ఎవరైన పిలుచుచున్నారేమోయని చెవి యొగ్గి వినవలసిన ఘడియ వారికి తప్పదు.

సుడిలోని పీడనపు తగ్గుదలచేతనే ఇల్లు పేలునని, ముందుగా కిటికీలు తెఱచియుంచవలెనని చిరకాలము చెప్పిరి. ఇది ప్రమాదకరమైన మాట. ఇంటిలో ఏదో సందునుండి గాలి ఎట్లును వెడలును. తెఱచిన కిటికీనుండి లోనికి జొచ్చిన గాలియే కప్పును పైకెత్తును. ఇచటి అంతస్తులలో నున్నవారు గాలిబారు వచ్చునపుడు కిటికీలు మూసి, వెదురుకొయ్యలపై ఆరవేసిన బట్టలకొఱకు చేయి చాపక, మొక్కల కుండీలను లోనికి తీసికొనిన చాలును. బయటనున్నవారు చెట్టు క్రింద నిలువరాదు.

ఇదంతయు చెప్పుచు నేను బాట పొడవున నడచితిని. ఆ నిద్రగన్నేరును, దానికి నూఱడుగుల దూరమున విఱిగిన ఆంగ్సానా చెట్టు కొమ్మయు, అవతలి గట్టున వంగిన చిన్న మొక్కలును, అన్నియు ఒకే దిక్కునకు వాలియున్నవి. మిత్రుడు కొంతసేపు మౌనముగా చూచి, పనివాండ్రను ఒక్క నిమిషము ఆగుడని వేడి, నాలుగు ఫొటోలు తీసికొని, తాడ్వాయిలోని మేనమామకు ఫోను చేసిరి. "మామా, మన అడవిల చెట్లు ఏ దిక్కుకు పడ్డయి? అన్నీ ఒక్క దిక్కేనా, మెలి తిరిగినయా? కొట్టేయకముందే పోయి చూసి చెప్పు."