లైటు - ఒక మాట, ఎన్నో అర్థాలు

తల్లాడలో ఒకామె ఉంది. మిరప తోటల్లో కూలికి పోతుంది. ఒకరోజు తల తిరుగుతోందని ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ బీపీ చూసింది. మాత్రలు రాసింది.

"అమ్మా, దీన్ని లైట్ తీసుకోవద్దు. రాత్రిపూట లైట్‌గా తిను" అంది.

ఆమెకు తెలిసిన లైటు ఒక్కటే. ఇంట్లో వెలిగే బల్బు! లైటు వేసుకుని తినమందేమో అనుకుంది. అడిగితే నవ్వుతారని ఊరుకుంది.

పది రోజులకు తల తిరగడం తగ్గింది. మాత్రలు మానేసింది. పచ్చడి మెతుకులు మామూలే. నెల తిరిగేసరికి చేలోనే కళ్లు తిరిగి కూలబడింది.

అప్పుడు కూతురు చెప్పింది. "లైట్ అంటే తేలిక అని కూడా అర్థమమ్మా! బీపీని తేలిగ్గా తీసుకోవద్దంది. రాత్రి కొంచెమే తినమంది."

ఇంగ్లీషులో ఇవి రెండు వేరు వేరు మాటలు. ఒకటి వెలుగు, ఒకటి తేలిక. పుట్టుక వేరు. రాత, పలుకు మాత్రం ఒకటే. మన తెలుగులో లేవా? 'పాలు' అంటే తాగే పాలు. 'పాలు' అంటే వాటా కూడా.

లైటు ఇంకా ఎక్కడెక్కడ వినిపిస్తుంది?

టార్చిలైటు - వెలుగునిచ్చేది.
లైట్ రంగు చీర - లేత రంగు చీర.
లైట్ టీ - డికాషన్ తక్కువ వేసిన టీ.
లైట్ వెహికల్ - కారు, జీపు లాంటి తేలిక బండి. లైసెన్సు మీద ఈ మాట ఉంటుంది.
ట్యూబ్‌లైటు - ఆలస్యంగా అర్థమయ్యే మనిషిని ఎగతాళిగా ఇలా అంటారు. పాత ట్యూబ్‌లైటు మిణుకు మిణుకుమని, కాసేపటికి గానీ వెలిగేది కాదు. అందుకే ఆ పేరు.

బీపీ సంగతి మాత్రం నిజంగానే లైట్ కాదు. తలనొప్పి లేకపోయినా, ఒంట్లో బాగున్నా బీపీ ఉండవచ్చు. పట్టించుకోకపోతే పక్షవాతం రావచ్చు. గుండె, మూత్రపిండాలు పాడు కావచ్చు. డాక్టరును అడగకుండా మాత్రలు మానకూడదు. ఉప్పు, పచ్చళ్లు తగ్గించాలి.

ఆమె మళ్లీ ఆసుపత్రికి పోయింది. ఈసారి ప్రతి మాటా అడిగి తెలుసుకుంది. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ తెలుగులోనే విడమరిచి చెప్పింది. ఆమె చీటీ వెనక తన చేత్తో రాసుకుంది: "మాత్ర మానొద్దు. ఉప్పు తక్కువ."

తెలియని మాటను అడగడం తప్పు కాదు. అడగకపోతేనే ముప్పు.

ఆలోచించండి: కరెంటుకు 'పవర్' అంటారు. కళ్లద్దాలకూ 'పవర్' అంటారు. ఈ రెండూ ఒకటేనా?