దూరస్థ పరిశోధనయందు పూర్వపక్షము
1920లో స్థాపితమైన హార్వర్డు విద్యాశాస్త్ర విభాగము వృత్తిపరమైన ఎడ్.డి. పట్టమునకు తొలి నెలవు. పిహెచ్.డి.కిని దీనికిని గల భేదమేమి యను సంశయము మాత్రము చిరకాలము నిలిచినది. 2007లో అమెరికాలో ఆరంభమైన కార్నెగీ విద్యా డాక్టరేటు ప్రణాళిక ఆ భేదమును నిరూపింపబూనినది. దాని మతమున సిద్ధాంతవ్యాసమునకు విషయము వృత్తియందు ఎదురగు సమస్యయే.

ఆన్‌లైనులో చదువు ప్రధానాధ్యాపకుడు తన పాఠశాలను వీడనక్కరలేదు. తరచుగా అదియే ఆతని పరిశోధనక్షేత్రము. సౌలభ్యమిదియే, ప్రమాదమును ఇదియే. తన యాజ్ఞకు లోబడిన ఉపాధ్యాయులనే ప్రశ్నించునపుడు వారి ప్రత్యుత్తరము స్వేచ్ఛాయుతమగునా? తన సంస్కరణమును తానే పరీక్షించువానికి ప్రతివాది యెవరు?

మీమాంసాధికరణమున విషయ సంశయ పూర్వపక్షములను దాటక నిర్ణయము లేదు. ఇచట నైతికసమీక్షామండలి సమ్మతిని పరిశీలించును. యుక్తిని పరీక్షించు భారము మార్గదర్శకునిదే. కావున దూరముననున్న మార్గదర్శకుడు ప్రత్యధ్యాయమునను పూర్వపక్షిగా నిలువవలెను. అట్లు కానిచో ఆ వ్యాసము స్వకార్యప్రశంస యగునే గాని పరిశోధన కాజాలదు.