గుట్టకవతల స్టూడియో... గుట్టకివతల మా వూరు!

వారం వారం స్టూడియో కబుర్లు మోసుకొచ్చే మనిషిని గదా, నేను ఏ ఫిలింనగర్‌లోనో, జూబ్లీహిల్స్‌లోనో కాపురం వుంటానని పాఠకుల్లో చాలామందికి నమ్మకం. "మీ పక్కింట్లో ఏ హీరో వుంటాడండీ?" అని ముఖం మీదే అడిగినవాళ్ళున్నారు. చెప్తే నమ్మరు గానీ, మా ఇంటికి ఓ పక్క రిటైరైన పంతులుగారు, ఇంకో పక్క ఇల్లు లేవని ఖాళీ ప్లాటు. ఆ ప్లాటులో రెండు బర్రెలు. వాటికి సినిమాల మీద ఏ అభిప్రాయమూ వున్నట్టు లేదు!

నేనుండేది ఇబ్రహీంపట్నం. విజయవాడ పక్కన కృష్ణ ఒడ్డున వున్నది కాదు; జగిత్యాల జిల్లాలో వున్నదీ కాదు. మాది రంగారెడ్డి జిల్లా. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద ముప్ఫై కిలోమీటర్ల దూరంలో వుంటుంది. తెలంగాణ పల్లెల్లో పట్నం అంటే హైదరాబాదే. మా వూరి పేరులోనే పట్నం వుంది. అయినా పొద్దున బస్టాండులో ఎవర్నడిగినా "పట్నం పోతున్న" అనే అంటారు. పట్నంలో వుండి పట్నం పోయేవాళ్ళ వూరు మాది.

పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా చూడాలి మా వూరి సందడి. 277 నెంబరు బస్సు రావడం ఆలస్యం, కర్చీఫులు, టిఫిన్ డబ్బాల సంచులు కిటికీల్లోంచి సీట్లలో పడతాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు గనక బస్సులో వాళ్ళదే రాజ్యం. నాబోటివాళ్ళం కడ్డీ పట్టుకుని నిలబడి ప్రపంచ రాజకీయాలు మాట్లాడుకుంటాం. శేరిగూడ, మంగళ్‌పల్లి, బొంగులూరు గేటు, తుర్కయంజాల్, బి.ఎన్. రెడ్డి నగర్... ఎల్.బి. నగర్ వచ్చేసరికి సగం మంది ఓ కునుకు తీసి లేస్తారు. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి. నగర్ దాకా వచ్చాక ప్రాణం కాస్త తెరిపిన పడింది. అంతకు ముందు దిల్‌సుఖ్‌నగర్ దాటడమే ఓ పెద్ద క్లైమాక్సు!

అదే వేళకు ఎదురుగా నగరం నుంచి కాలేజీ బస్సులు బారులు తీరి వస్తుంటాయి. శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు బోలెడు. కానీ ఆ పిల్లలు కాలేజీ గేటు దగ్గర దిగి, సాయంత్రం మళ్ళీ అక్కడే ఎక్కి వెళ్ళిపోతారు. వచ్చేవాళ్ళు వూళ్ళోకి రారు. పోయేవాళ్ళు వూళ్ళో వుండరు. ఇక వూళ్ళో మిగిలేదెవరు? ముసలివాళ్ళు, పసివాళ్ళు, అంగళ్ళవాళ్ళు. మధ్యాహ్నం రెండింటికి మా వీధిలో నాలుగిళ్ళ అవతల కుక్కరు కూత వేస్తే ఎన్నో కూతో ఇక్కడ లెక్క పెట్టుకోవచ్చు. రాత్రి తొమ్మిదైతే షట్టర్లు దిగిపోతాయి.

ఈ వూరికింత నిశ్శబ్దం ఎలా అబ్బిందో గానీ, పేరు వెనక వున్న కథ మాత్రం నిశ్శబ్దమైంది కాదు. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరే మా వూరిది. వూరి పక్కనున్న పెద్ద చెరువూ ఆయన కాలం నాటిదే. హుస్సేన్‌సాగర్‌కి తోబుట్టువన్న మాట. ఈ సుల్తాను కుర్రతనంలో అన్నకు భయపడి పారిపోయి విజయనగరం చేరాడు. అళియ రామరాయల పంచన ఏడేళ్ళు గడిపాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడు. తర్వాత గద్దెనెక్కి తెలుగు కవుల్ని పోషిస్తే వాళ్ళాయన్ని మల్కిభరాముడన్నారు; అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. అలాంటివాడు 1565లో మిగతా సుల్తానులతో చేయి కలిపి, అన్నం పెట్టిన రామరాయల మీదకే యుద్ధానికి వెళ్ళాడు. రామరాయల తల తెగింది ఆ యుద్ధంలోనే. ఇంతకు మించిన ఇంటర్వెల్ వుంటుందా చెప్పండి? తెలిసిన రచయిత ఒకాయనకు చెప్తే, "గుర్రాల ఖర్చే భరించలేమండీ" అని కాఫీ పూర్తిచేసి లేచాడు.

ఆ చెరువు ఏళ్ళ తరబడి నెర్రెలు బారి వుండేది. 2022లో నిండి అలుగు దూకింది. ఆ రోజులు మా వూరి పండగే. నగరంలో ఉద్యోగాలవాళ్ళు సెలవు పెట్టి మరీ నీళ్ళు చూడ్డానికి వెళ్ళారు. ఏ స్టారూ రాకుండా ఇక్కడ అంత జనం పోగవడం నేను చూళ్ళేదు.

సరే, అసలు సంగతికొద్దాం.

మన చిత్రాల్లో రెండే రకాల వూళ్ళుంటాయి. ఒకటి పల్లెటూరు: పచ్చని పొలాలు, రచ్చబండ, రథోత్సవం. రెండోది సిటీ: గాజు మేడలు, విమానాశ్రయం. 2023లో వచ్చిన 'బలగం' పల్లెను ఎంత చక్కగా చూపించిందో మీకు తెలుసు. కానీ పల్లె కాని, సిటీ కాలేని, పొద్దున ఖాళీ అయ్యి రాత్రి నిండే మా బోటి వూరి ముఖాన కెమెరా పెట్టేవాళ్ళు అరుదు. తమాషా ఏమిటంటే, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ పుస్తకానికెక్కిన రామోజీ ఫిల్మ్ సిటీ మాకు గుట్టలకవతలే వుంది! 1996 నుంచీ వుంది. 'బాహుబలి' మాహిష్మతి లేచింది అక్కడే. మ్యాపు మీద సూటిగా గీత గీస్తే మా వూరి నుంచి పది కిలోమీటర్లుండదు. కానీ దాని గేటు విజయవాడ రోడ్డు మీద. మాది సాగర్ రోడ్డు. నేనైతే ఎల్.బి. నగర్ దాకా పోయి, బస్సు మారి, హయత్‌నగర్ మీదుగా వెనక్కి వస్తాను.

నాకంటే చిత్రమైన కథ మా వీధి చివరి కుర్రాడిది. పేరు చెప్పను, వాడికింకా అవకాశాలు రావాలి. ఇరవై మూడేళ్ళు. జూనియర్ ఆర్టిస్టు. వాడికి కాల్ వచ్చేది రాత్రి తొమ్మిదింటికి. "పొద్దున అయిదింటికి కృష్ణానగర్‌లో వుండాలె" అంటాడు అవతలి మనిషి. అయిదింటికి అక్కడుండాలంటే ముందు రాత్రే బయల్దేరాలి. ఆ వేళకు మెట్రో నడవదు. దొరికిన బస్సెక్కి, స్నేహితుడి గదిలో గోడకానుకుని పడుకుని, తెల్లారి నాలుగున్నరకు లైన్లో నిలబడతాడు. పేరు రాసుకుంటారు. యూనిట్ వ్యాన్ ఎక్కిస్తారు. వ్యాన్ ఎక్కడికి పోతుందంటారా? అమీర్‌పేట, మలక్‌పేట, ఎల్.బి. నగర్, హయత్‌నగర్ దాటి... గుట్టకవతలికి! వాళ్ళమ్మ ఇంకా పొయ్యి వెలిగించని వేళకు, వాడు దగ్గర దగ్గర ఎనభై కిలోమీటర్లు తిరిగి, ఇంటి వెనక గుట్ట అవతల రాజసైనికుడి వేషం కట్టుకుంటున్నాడన్న మాట.

"నేరుగా గేటు దగ్గరికే పోరాదటోయ్?" అన్నాను.

"పేరు రాసుకునేది వ్యాన్ ఎక్కేకాడనే సార్. గేటు కాడ నిలబడితే నన్నెవరు గుర్తు పడ్తరు?"

ఇది కొత్త సంగతేం కాదు. మన పరిశ్రమ మద్రాసులో వున్నప్పుడు వేషం కావాలంటే కోడంబాకం చుట్టూ గది వుండాల్సిందే. పరిశ్రమ ఇక్కడికొచ్చాక కృష్ణానగర్, ఇందిరానగర్ గడ్డ ఆ పాత్ర పోషిస్తున్నాయి. సొంత కారున్న తారలు శంకర్‌పల్లిలో వున్నా ఫరవాలేదు. కాల్ వాళ్ళ ఇంటికే వస్తుంది. రోజు కూలీ నటుడికి మాత్రం అడ్రసే అర్హత. నా మట్టుకు నాకిది అన్యాయంగానే తోస్తుంది. సెల్‌ఫోన్లో ఫొటోతో సహా పేరు నమోదయ్యే ఈ రోజుల్లో, ఆ పేరు గేటు దగ్గర రాసుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

వాడు ఒక చిత్రంలో కోర్టు సీనులో కనిపించాడు. వాడంటే, వాడి కుడి భుజం. వాళ్ళమ్మ రెండుసార్లు చూసొచ్చి, "సారూ, లాయరు ఎనక ఉన్న నీలం అంగీ మావోడిదే" అని వీధంతా చెప్పింది. రాత్రి వాడు బయల్దేరే ప్రతిసారీ ఆమె సందు మొగదాకా వచ్చి నిలబడుతుంది. వూరంతా పడుకుని వుంటుంది గదా, బస్సు గేర్లు మార్చుకుంటూ శేరిగూడ వైపు పోయేదాకా ఆ చప్పుడు వినపడుతూనే వుంటుంది.

అన్నట్టు, మా వూరి నిశ్శబ్దం కూడా ఎన్నాళ్ళో వుండేట్టు లేదు. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరేటు మా మండలంలోని కొంగరకలాన్‌కి వచ్చింది. 2023లో అక్కడే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి పునాదిరాయి పడింది. ఆదిబట్లలో విమాన భాగాలు తయారవుతున్నాయి. టీ కొట్టు దగ్గర ఇప్పుడు సినిమాల మాట తగ్గి గజం ధర మాట పెరిగింది. పక్క ప్లాటు బర్రెలు ఎన్నాళ్ళుంటాయో!

మా కుర్రాడు మాత్రం ఆగలేకపోయాడు. రెండు నెలల క్రితం వరసగా మూడు కాల్స్ పోగొట్టుకున్నాడు. మూడోది డైలాగున్న వేషం. ఒక్క ముక్కే, "అయ్యగారు లేరండి" అని. దాంతో కృష్ణానగర్‌లో అయిదుగురితో కలిసి గది తీసుకున్నాడు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు. పచ్చడి సీసా కట్టిచ్చింది. మొన్న ఫోన్ చేస్తే ఎలా వుందని అడిగాను.

"కాల్స్ మంచిగనే వస్తున్నయ్ సార్. రాత్రి నిద్రనే పడ్తలేదు, ఈడ సప్పుడెక్కువ."

నిన్న వాళ్ళమ్మ కనిపించి వాడెప్పుడొస్తాడని నన్నే అడిగింది. ఆదివారం వస్తానన్నాడని చెప్పాను. ఆదివారం కాల్ లేకపోతే అన్న ముక్క చెప్పలేదు. ఆమెకది తెలుసు.