ప్రేవులు నీటిని, లవణములను గ్రహించు విధము

1988వ సంవత్సరమున ఢిల్లీలో యమునకు తూర్పుననున్న పునరావాస కాలనీలలో వాంతిభేది ప్రబలెను. అచ్చటి జనులు లోతు చాలని చేతిపంపుల నీరు త్రాగుచుండిరి. మురుగు భూమిలోనికి దిగి ఆ నీటిని చెరచెను. పంపుల సంగతి ఉద్యోగులందరు నెరిగినదే. ఆ నీరు త్రాగినవాడు కొన్ని గంటలలోనే యేల మరణించును, వానిని బ్రతికించుటకు ఉప్పుతోడ చక్కెర యేల కావలెను అను సంగతి మాత్రము పలువురికి విశదము కాదు.

ఆరోగ్యవంతుని చిన్న ప్రేవులోనికి దినమునకు ఇంచుమించు 8 లేక 9 లీటర్ల ద్రవము చేరును. ఇందు త్రాగినది 2 లీటర్లే. తక్కినది లాలాజలము, జఠరరసము, పిత్తము మొదలగు దేహపు సొంత రసములు. దేహము తన నీటిని తానే విడిచి, తానే మరల తీసికొనుచుండును. మలముతో వెలువడునది 100 మొదలు 200 మిల్లీలీటర్లు మాత్రమే.

నీటిని తోడు యంత్రమేదియు ప్రేవులలో లేదు. తోడబడునది ఉప్పు, ఉప్పు పోయినచోటికి నీరు దానంతటదియే పోవును. ప్రేవు లోపలిపొరయందలి కణములు సోడియమును రక్తమువైపునకు ఎడతెగక నెట్టుచుండును. అందువలన కణములలో సోడియము కొరవడి, ప్రేవులోని సోడియము లోనికి వచ్చును. వచ్చుటకు ద్వారములు పెక్కులు గలవు. ఒకదానియందు సోడియము, క్లోరైడు కూడి ప్రవేశించును. మరియొకటి విచిత్రమైనది: సోడియమును గ్లూకోజును జతగా వచ్చిననే ఆ ద్వారము వానిని లోనికి గొనును. దీనిని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రాగ్ నగరపు సభలో ప్రతిపాదించెను.

వాంతిభేది క్రిమి ప్రేవును పుండు చేయదు. దాని విషమే కీడు చేయునని కలకత్తాలో శంభునాథ్ దే 1959లో చూపెను. ఆ విషము క్లోరైడు వెలుపలికి పోవు తూములను తెరచి, సోడియము క్లోరైడుతో కూడి వచ్చు ద్వారమును మూయును. క్లోరైడు వెంట సోడియము, దాని వెంట నీరు ధారగా పోవును. బియ్యము కడిగిన నీళ్లవంటి విరేచనములు ఇవియే. తీవ్రరోగమున గంటకు లీటరు వరకు పోవచ్చును. గ్లూకోజు ద్వారము మాత్రము చెడదు. రోగికి మిగిలిన త్రోవ అదియొక్కటే.

ఈ త్రోవ యెంత విలువైనదో 1971లో బనగాం శరణార్థి శిబిరమున తేటపడెను. సెలైను చాలకపోగా, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నుంచి త్రాగించెను. నూటికి 30 వంతున నుండిన మరణములు 3.6కు దిగెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్లు లీటరు నీటికి ఇవి: ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియము క్లోరైడు 1.5, సోడియము సిట్రేటు 2.9. విరేచనములతో పొటాషియమును క్షారమును కూడ పోవును గనుక కడపటి రెండును చేర్చబడినవి. లీటరు పొట్లమును గ్లాసెడు నీటిలో కలుపుట పెద్ద పొరపాటు. అట్టి చిక్కని ద్రవము దేహములోని నీటినే ప్రేవులోనికి లాగును. చక్కెర మితిమీరిన తీపి పానీయములును అట్లే చేయును. ఇట్టివి ఓఆర్ఎస్ అను పేరుతో అమ్ముడగుచుండగా, హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఏండ్లకొలది మొరపెట్టిన పిమ్మట, 2025 అక్టోబరులో ఢిల్లీలోని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించెను. దుకాణములు తనిఖీ చేయువారు ఈ ఆజ్ఞను జ్ఞాపకముంచుకొనవలెను.

శిశువులకు జింకును కూడ ఇయ్యవలెను. ఢిల్లీలో 6 మొదలు 35 నెలల ప్రాయపు 937 మంది బిడ్డలయందు జరిగి 1995లో ప్రకటింపబడిన పరీక్షలో, జింకు పొందినవారికి విరేచనములు కొనసాగు భయము నూటికి 23 వంతులు తగ్గెను. దినమునకు 20 మిల్లీగ్రాములు, ఆరునెలల లోపువారికి 10, 10 మొదలు 14 దినములు ఇయ్యవలెనని 2004లో నిర్ణయమైనది.

కన్నులు లోతుకుపోయి, మగతగా పడి త్రాగజాలని రోగికి నరములోనికి సెలైను ఎక్కించుటయే గతి; వానిని వెంటనే ఆసుపత్రికి పంపవలెను. త్రాగగలవానికి బండిలో దారిపొడవునను గుక్కగుక్కగా త్రాగించుచు పోవలెను.