బెల్టు తెగితే బండి నడిరోడ్డునే!

హైదరాబాద్: పాతబస్తీ ఇరుకు సందులకు మారుతి 800 కారు సరిగ్గా సరిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన ఈ కారు అమ్మకం కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్‌లో నగరంలో ఆగింది. 2014లో తయారీయే నిలిచింది. కనుక మిగిలినవన్నీ పాతబండ్లే.

వీటి ఇంజనులో టైమింగ్ బెల్టు అనే పళ్ళ రబ్బరు పట్టీ ఉంటుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరిగేలా చూసేది ఇదే. తెగితే బండి ఆగిపోతుంది. కొన్ని రకాల ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి కూడా.

ఇంటివద్ద మార్చేవారు ముందు బ్యాటరీ తీగ విప్పాలి. రెండు పుల్లీల గుర్తులూ కలిపాకే పాత బెల్టు తీయాలి. కొత్తది వేసి, బిగువు సరిచేసి, పానాతో క్రాంకును రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడాలి. ఒక్క పన్ను తప్పినా స్టార్టు చేయరాదు.

పట్నంలో పాత కారు కొనే గ్రామీణులు, రంగు చూసి మురిసిపోకుండా, బెల్టు ఎప్పుడు మార్చారో అడగడం మంచిది.