ఎవ్వలు గుర్తు పట్టకుంటే కొత్తదైతదా?

పాత వస్తువు లోపల మొదటి నుంచే ఉన్నదాన్ని ఇయ్యాల పసిగట్టి, "ఇది నేను కనిపెట్టిన" అంటే పేటెంటు వస్తదా? మందుల ధరలు ఎందుకు దిగుతలేవో తెల్వాలంటే ఈ ముచ్చట అర్థం చేసుకోవాలె.

లోరటడిన్ అని అలర్జీ గోలి ఉంటది, తుమ్ములకు వాడుతరు. దాని మీద అమెరికాల షెరింగ్ కంపెనీకి 1981ల పేటెంటు వచ్చింది. ఆ గోలి మింగినంక ఒంట్లె ఇంకో పదార్థంగ మారుతది. దాని మీద గూడ అదే కంపెనీ 1987ల ఇంకో పేటెంటు తీసుకున్నది. మొదటిదాని గడువు తీరినంక అగ్గువ గోలీలు తెస్తమని వేరే కంపెనీలు ముందుకొస్తే, రెండో పేటెంటు చూపెట్టి కోర్టుకు పోయింది.

అప్పీలుల 2003ల ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ హక్కు చెల్లదన్నది. మొదటి పేటెంటుల రాసినట్టు మందు వాడితే ఒంట్లె ఆ పదార్థం తప్పకుండ పుడ్తది. అప్పట్ల ఎవ్వలు గుర్తు పట్టకపోయినా అది పాతదే. ముందే లోకానికి తెలిసినదాన్ని చట్టం భాషల 'ప్రయర్ ఆర్ట్' అంటరు. దాని లోపల దాగి ఉన్నదాన్ని గూడ పాతదాని కిందనే లెక్కగట్టుడు 'ఇన్‌హెరెన్సీ'.

ఇక్కడ 'తప్పకుండ' అన్న మాటే కీలకం. లేజర్‌తోని బొమ్మలు తీసే మిషనైనా సరే, పాత పత్రంల రాసినట్టు నడిపితే ఆ ఫలితం ప్రతిసారి రావాలె. రావచ్చు, రాకపోవచ్చు అంటే ఈ వాదన నిలువది. నిజంగ కొత్త పని చేసినోళ్లకు దారి మూసుకపోలేదు. ఒంటి బయట ఆ పదార్థాన్ని శుద్ధంగ తీస్తే దానికి వేరే పేటెంటు దొరకొచ్చని ఆ కోర్టే చెప్పింది.

మన చట్టంల 3(డి) సెక్షన్ ఉన్నది. తెలిసిన మందుకే కొత్త రూపమిచ్చి, రోగం మీద పనితనం పెరగకుంటే పేటెంటు ఇయ్యరు. 2013ల సుప్రీంకోర్టు గ్లివెక్ కేన్సర్ మందు మీద నోవార్టిస్ అప్పీలును కొట్టేసిందంటే ఈ సెక్షన్ ఉండబట్టే. పేటెంటు ఇయ్యకముందే ఎవరైనా అభ్యంతరం పెట్టే హక్కు గూడ మనకున్నది.

కని 2024ల కేంద్రం నిబంధనలు మార్చి ఆ అభ్యంతరానికి ఫీజు పెట్టింది. అది విచారణకు తీసుకోవాల్నా వద్దా అని ముందుగాల అధికారి తేల్చాలెనట. పాత కాయితాలు దేవులాడి తెచ్చేది చాలాసార్లు రోగుల సంఘాలే. కంపెనీలకు ఫీజు ఒక లెక్క గాదు, సంఘాలకు భారం. గందుకే నేనంటున్న: ఆ ఫీజు ఎత్తెయ్యాలె.